టీవీ కింద అరలో పట్టే చిన్న పీసీ: సినిమాలకు, తేలికపాటి గేములకు. సలహా కావాలి

#1 మూడో రిమోట్

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

హాల్లో 55 అంగుళాల 4కే టీవీ ఉంది. దాని కింద చెక్క స్టాండులో ఒక అర ఖాళీగా ఉంది. టేపు పెట్టి కొలిచాను: లోపల వెడల్పు 420 మి.మీ., లోతు 330, ఎత్తు 140. వెనక పలక బిగించి ఉంది, వైర్ల కోసం చిన్న కంత ఒకటే. అందులో పట్టే పీసీ కట్టుకోవాలి.

పనులు రెండే. హార్డ్ డిస్కులో పోగేసిన సినిమాలు, ఇంటి వీడియోలు చూడటం ఒకటి. పిల్లలూ నేనూ సోఫాలో కూర్చుని కంట్రోలర్లతో రాకెట్ లీగ్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి ఆడుకోవడం రెండోది. నిన్నగాక మొన్న వచ్చిన భారీ గేములు నాకు అక్కర్లేదు.

ఇప్పటిదాకా అనుకున్నది: రైజెన్ 5 8600జీ ప్రాసెసర్ (గ్రాఫిక్స్ దాని లోపలే ఉంటుంది), మినీ ఐటీఎక్స్ అనే చిన్న బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్ (తర్వాత ఇంకోటి కలుపుకోవచ్చని), 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే కూలర్. గ్రాఫిక్స్ కార్డు పెట్టాలా వద్దా అన్నదే తేలడం లేదు.

ఒక షరతు. మా అమ్మ రిమోట్‌తో ఆన్ చేసుకోగలగాలి. టీవీకి ఒకటి, సౌండ్‌బార్‌కి ఒకటి ఇప్పటికే ఉన్నాయి. ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు.

#2 స్క్రూ పోయింది

అర కొలుచుకుని వచ్చారు, అందుకే ముందు మీకో దండం. చాలామంది కేస్ కొన్నాక టేపు వెతుక్కుంటారు. నేనూ ఆ బాపతే.

మీ జాబితాలో రెండు మార్చండి. ర్యామ్ ఒకే స్టిక్ వద్దే వద్దు. 8600జీ లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్5-6000 స్టిక్కులు రెండు పెడితే సెకనుకు 96 జీబీ దాకా లాగగలదు, ఒకటే పెడితే 48. సినిమా చూస్తే తెలియదు, గేమ్ పెట్టగానే తెలుస్తుంది. తర్వాత కలుపుతా అన్నవాళ్లలో నిజంగా కలిపినవాళ్లను నేను చూడలేదు. 16 జీబీవి రెండు తీసుకోండి, గ్రాఫిక్స్ తన వాటా లాక్కున్నా విండోస్‌కి ఇరుకు ఉండదు. బిగించాక బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులు) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయడం మర్చిపోవద్దు. చేయకపోతే 6000 అని కొన్న ర్యామ్ 4800 దగ్గరో 5200 దగ్గరో నడుస్తూ ఉంటుంది, మీకు తెలియను కూడా తెలియదు.

రెండోది కూలర్. 8600జీ పెట్టెలో వచ్చే వ్రెయిత్ స్టెల్త్ ఎత్తు 54 మి.మీ. మీ అరలో పట్టే 4, 5 లీటర్ల కేసుల్లో చాలావాటికి అంత ఎత్తు పట్టదు. నాక్చువా ఎన్‌హెచ్-ఎల్9ఎ లాంటిదైతే ఫ్యాన్‌తో కలిపి 37 మి.మీ. 8600జీ కూర్చునే ఏఎం5 సాకెట్‌కి దీని రకం విడిగా ఉంది, చూసి తీసుకోండి.

#3 ఫ్రేమ్ పిచ్చి

కార్డు లేకుండా గేమింగ్ ఏంటండీ? ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ చూడండి. 70 వాట్లే, విడిగా పవర్ వైరు గుచ్చక్కర్లేదు, సగం ఎత్తు మోడళ్లు కూడా ఉన్నాయి. రేపు పిల్లలు పెద్దయ్యాక ఊరుకుంటారా?

#4 నిశ్శబ్దమే ముద్దు

ఊరుకోకపోతే అప్పుడు చూసుకోవచ్చు. ముందు అరలో గాలి సంగతి చూడండి.

వెనక పలక, ముందు బహుశా తలుపు. అంటే అది అర కాదు, పొయ్యి. సినిమా నడిచేటప్పుడు పెట్టె మొత్తం 30 వాట్ల లోపే తింటుంది కాబట్టి పర్వాలేదు. గేమ్ పెట్టాక 90 దాకా వెళ్తుంది, కార్డు కూడా పెడితే ఇంకా పైకి. ఆ వేడంతా మూసిన అరలోనే తిరుగుతుంది. ఫ్యాన్ తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. అరగంటకి రొద మొదలవుతుంది, మీరు సౌండ్‌బార్ పెంచుతారు. చిన్న ఫ్యాన్ గోల పెద్ద ఫ్యాన్ గోల లాంటిది కాదు, సన్నగా చెవిలో దూరుతుంది. సగం ఎత్తు కార్డుల మీద ఉండే బుల్లి ఫ్యాన్లు అందులో ఆరితేరినవి.

పలకకి ఉన్న మేకులు ఊడదీసి పక్కన పెట్టండి. ఏ కూలర్ కొన్నా దానికంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

#5 పిక్సెల్ పంతులు

కార్డు గొడవకి ముందు ఒక లెక్క చూద్దాం. 4కే అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. 1080పీ అయితే సుమారు 21 లక్షలు. నాలుగో వంతు. 8600జీలో ఉన్న రేడియాన్ 760ఎం తేలికపాటి గేములను 1080పీలో హాయిగా ఆడిస్తుంది. 4కేలో అడిగితే నోరెళ్లబెడుతుంది. ఆ మాటకొస్తే 3050 6 జీబీ కూడా 4కేలో పెద్దగా పొడిచేదేమీ లేదు. సోఫా టీవీకి మూడు మీటర్ల దూరంలో ఉంటే 1080పీ గేమ్‌ని టీవీ పెద్దది చేసి చూపించినా కళ్లకు ఇబ్బంది ఉండదు. డెస్క్‌టాప్ 4కేలో ఉంచండి, గేమ్ లోపల మాత్రం 1080పీ పెట్టండి. ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెంచి చూపించే పద్ధతి) ఉన్న గేమ్ అయితే దాన్ని కూడా వాడుకోండి.

అసలు చూడాల్సింది బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు. 1.4 అయితే 4కే 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మౌస్ కదిపినా ఈడ్చుకుంటూ వస్తుంది. 4కే 60 కావాలంటే కనీసం 2.0. పెట్టె మీద 2.1 అని ఉన్నా సంబరపడిపోకండి, 2.1లో ఉన్న చాలా సదుపాయాలు ఐచ్ఛికమే. పక్కన చిన్న అక్షరాల్లో ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ అని రాశారో అదే అసలు మాట.

#6 ఫ్రేమ్ పిచ్చి

పంతులు గారూ, మీ లెక్క సరే. ఆర్‌ఎక్స్ 6400 అయితే 53 వాట్లే కదా, మధ్యేమార్గంగా?

#7 పిక్సెల్ పంతులు

హోమ్ థియేటర్ పెట్టెకి అదే పనికిరానిది. ఏవీ1 అనే రకం వీడియోని విప్పే భాగం అందులో లేదు, 8600జీలో ఉంది. సినిమాల పెట్టె కట్టుకుంటూ వీడియో విప్పలేని కార్డు పెట్టుకోవడం ఏం సబబు? పైగా 8600జీ అంటే మనం డబ్బు పెట్టేదే లోపలి గ్రాఫిక్స్ కోసం. దాని మీద కార్డు పెడితే ఆ గ్రాఫిక్స్ ఖాళీగా కూర్చుంటుంది. ఇంకోటి, దీని గ్రాఫిక్స్ స్లాటుకి 16 లేన్లు (డేటా దారులు) రావు, 8 మాత్రమే. కార్డే కావాలనుకునేవాళ్లు మామూలు ప్రాసెసర్ తీసుకుని కార్డుకి ఖర్చు పెట్టాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు.

#8 ఇనుప కొట్టు

కొత్తది కట్టడం ఎందుకు? ఆఫీసుల్లోంచి తీసేసిన సన్న డెస్క్‌టాప్ ఒకటి పట్టుకుని సగం ఎత్తు జీటీఎక్స్ 1650 గుచ్చాను. నాలుగేళ్లుగా టీవీ కింద నడుస్తోంది.

తీసుకునేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ఇంటెల్ 8వ తరం కంటే పాతది వద్దు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, 11ని పాత తరాల మీద అధికారికంగా ఎక్కించుకోలేం. రెండు, వాటి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది. అది పోతే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. నాది ఒకసారి పోయింది, అదే మోడల్ వెతుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

#9 చిన్న డబ్బా

ఎవరూ చెప్పడం లేదు గానీ, రెడీమేడ్ మినీ పీసీ కొనుక్కుంటే ఈ తలనొప్పి ఏదీ ఉండదు. అరచేతిలో పట్టేవాటిలో కూడా ఇప్పుడు రేడియాన్ 780ఎం వస్తోంది, 8600జీలో ఉన్న 760ఎం కంటే అది ఒక మెట్టు పైనే. అందులో 12 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే భాగాలు), ఇందులో 8.

ఇంట్లో వేరే గదిలో మంచి గేమింగ్ పీసీ ఉంటే ఇంకా తేలిక. టీవీ దగ్గర ఇంటెల్ ఎన్100 డబ్బా చాలు. పెద్ద పీసీలో సన్‌షైన్, డబ్బాలో మూన్‌లైట్ వేసుకుని గేమ్‌ని నెట్‌వర్క్ మీద లాక్కోవచ్చు. నాది అదే పద్ధతి. రెండు చివర్లా ల్యాన్ వైరు మాత్రం ఉండాలి, వైఫై మీద అయితే ఆట మంచి పట్టులో ఉన్నప్పుడే బొమ్మ ముక్కలవుతుంది.

#10 మూడో రిమోట్

వేరే గేమింగ్ పీసీ లేదండీ. ఉన్నదంతా ఆఫీసు ల్యాప్‌టాపే.

చిన్న డబ్బా గారి మాటకి ఊగిసలాడాను, నిజం చెప్పాలంటే రెండు రోజులు పట్టింది. కానీ పెద్దాడికి పన్నెండేళ్లు. వాడితో కలిసి స్క్రూలు బిగించాలని కోరిక. మీరు దీన్ని సాంకేతిక కారణం కింద ఒప్పుకుంటారో లేదో.

కార్డు ఆలోచన మానుకున్నాను.

#11 స్క్రూ పోయింది

ఒప్పుకుంటాం. నా దృష్టిలో అది మొదటి కారణం.

కట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది: ఫ్యాన్ అరిగితే ఫ్యాన్ మారుస్తారు, బోర్డు పోతే బోర్డు మారుస్తారు. మినీ ఐటీఎక్స్ అంటే ఎవరిదైనా 170 × 170 మి.మీ. చదరమే. వయా కంపెనీ 2001లో తెచ్చిన కొలత, ఇప్పటికీ మారలేదు.

బోర్డు పాత స్టాకు అయితే బయోస్ కూడా పాతదే ఉంటుంది, 8000 వరుస ప్రాసెసర్లు 2024 జనవరిలో వచ్చాయి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ ఉన్న బోర్డు చూసుకోండి. ఇంకో మాట: ఈ చిన్న బోర్డుల్లో చాలావాటికి రెండో ఎం.2 గూడు వీపు వైపు ఉంటుంది. అక్కడ ఎస్‌ఎస్‌డీ పెట్టాలనుకుంటే బోర్డు కేసులోకి దించకముందే పెట్టాలి. నేను ఒకసారి మొత్తం కట్టి, వైర్లు సర్దేసి, టీ తాగుతూ టేబుల్ మీద ఎస్‌ఎస్‌డీని చూశాను.

#12 పెంగ్విన్ బాబాయ్

విండోస్ ఎందుకు నాయనా? బజ్జైట్ వేసుకో. ఫెడోరా లినక్స్ మీద కట్టినది. ఆన్ చేయగానే నేరుగా స్టీమ్ గేమ్ మోడ్‌లోకి వెళ్తుంది, కీబోర్డు ముట్టుకోవాల్సిన పనే ఉండదు. ఏఎండీ గ్రాఫిక్స్‌కి డ్రైవర్లు లోపలే ఉంటాయి. రాత్రి సినిమా మధ్యలో అప్‌డేట్ కోసం ఆపమని అడగదు.

#13 ఫ్రేమ్ పిచ్చి

బాబాయ్, ఫోర్ట్‌నైట్, వాలరెంట్ నడుస్తాయా మరి?

#14 పెంగ్విన్ బాబాయ్

నడవవు. మోసగాళ్లను పట్టుకునే వాటి సాఫ్ట్‌వేర్ లినక్స్‌ని ఒప్పుకోదు. పిల్లలు అవి అడుగుతారనుకుంటే విండోసే వేసుకో, అబద్ధం చెప్పను. 4కే 120 హెర్ట్జ్ కావాలన్నా ఒక చిక్కుంది. ఏఎండీ తన ఓపెన్ సోర్స్ లినక్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెడతానంటే 2024లో హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. నీది 60 హెర్ట్జ్ టీవీ అయితే ఆ గొడవ నీకు అక్కర్లేదు.

#15 పిక్సెల్ పంతులు

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. చాలామంది పీసీ కట్టాక ఏడ్చేది దీని గురించే. ఓటీటీలు. లినక్స్ బ్రౌజర్లలో వైడ్‌వైన్ (ఓటీటీల కాపీ రక్షణ) సాఫ్ట్‌వేర్ స్థాయిలోనే పని చేస్తుంది కాబట్టి నెట్‌ఫ్లిక్స్ 4కే రాదు. విండోస్‌లో వస్తుంది గానీ ఎడ్జ్ బ్రౌజరో వాళ్ల యాపో ఉండాలి, హెచ్‌ఈవీసీ (హెచ్.265 వీడియో) సదుపాయం ఉండాలి, మధ్యలో ప్రతి వైరూ పెట్టే హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పాటించాలి. ఇంత తిప్పలు దేనికి? మీ టీవీలోనే ఆ యాప్‌లు ఉన్నాయి, 4కే ఇస్తున్నాయి. ఓటీటీ టీవీలో, సొంత ఫైళ్లూ గేములూ పీసీలో. ఇలా విడగొట్టుకుంటే సగం సమస్యలు పుట్టవు.

#16 చెవి కోసుకుంటా

సౌండ్ గురించి ఎవరూ మాట్లాడరే!

మూడో రిమోట్ గారూ, మీ సౌండ్‌బార్ టీవీకి ఏ పోర్టు నుంచి కలిపారు? ఏఆర్‌సీనా, ఈఏఆర్‌సీనా (టీవీ నుంచి బార్‌కి హెచ్‌డీఎంఐ మీదే సౌండ్ పంపే దారులు)? పీసీ నుంచి టీవీకి, అక్కడి నుంచి బార్‌కి వెళ్తుంది కదా. మామూలు ఏఆర్‌సీ దారి ఇరుకు. డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఉన్న అట్మాస్ పడుతుంది, బ్లూరే ఫైళ్లలో ఉండే ట్రూహెచ్‌డీ పట్టదు. దానికి ఈఏఆర్‌సీ ఉండాలి. కోడి అనే సినిమాల సాఫ్ట్‌వేర్‌లో పాస్‌త్రూ (సౌండ్‌ని విప్పకుండా నేరుగా పంపడం) ఆన్ చేసి, విండోస్ అయితే ఆడియో పరికరం దగ్గర వాసాపీ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. వేరేది ఎంచుకుంటే బార్ మీద స్టీరియో అని కనిపిస్తుంది, మీరు బార్‌ని తిడతారు.

#17 మూడో రిమోట్

మామూలు ఏఆర్‌సీయే. నా చెవులకి ఆ తేడా తెలియదులెండి, కోయించుకోను కూడా.

ఆర్డర్ పెట్టేశాను. 8600జీ, 16 జీబీవి రెండు, 37 మి.మీ. కూలర్. కేస్ 220 × 205 × 95 మి.మీ., అంటే 4.3 లీటర్ల లోపు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండదు, ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట ఇటుక ఉంటుంది. ఆ వేడి కూడా కేస్ బయటే కదా అని. విండోసే వేస్తున్నా బాబాయ్, క్షమించండి, పెద్దాడు ముందే ఫోర్ట్‌నైట్ అడిగాడు.

#18 మూడో రిమోట్

(రెండు వారాల తర్వాత)

అర్జెంట్. ఇప్పుడే కట్టాం. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, టీవీ మీద ఏమీ లేదు. నల్లగా ఉంది. రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను. వాడు నా మొహం చూస్తున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

#19 స్క్రూ పోయింది

ఆపొద్దు! చేతులు కట్టుకుని కూర్చోండి. ఏఎం5 బోర్డు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించుకుంటుంది, కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి. పదిహేను నిమిషాలు దాటితే అప్పుడు ఒక స్టిక్ తీసి చూద్దాం.

#20 మూడో రిమోట్

ఆరు నిమిషాలకి వచ్చింది. అబ్బా.

#21 మూడో రిమోట్

విండోస్ ఎక్కింది. కానీ 4కే 30 హెర్ట్జ్ మించి చూపించడం లేదు. బోర్డు 4కే 60 ఇస్తుందని చిన్న అక్షరాలు చదివే కొన్నాను, పంతులు గారూ. ఇంకోటి, ఎర్ర అక్షరాలు అంచుల దగ్గర చెదిరినట్టు ఉన్నాయి. బొమ్మ నాలుగు పక్కలా కొంచెం తెగింది కూడా, టాస్క్‌బార్ సగమే కనిపిస్తోంది.

#22 పిక్సెల్ పంతులు

మూడూ టీవీ వైపు తప్పులే, పీసీని తిట్టొద్దు.

30 హెర్ట్జ్: టీవీ సెట్టింగుల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడిగా మామూలు, మెరుగైన అని రెండు రకాలు ఉంటాయి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. మీరు వాడే పోర్టుకి మెరుగైనది ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే వైరు మార్చండి, ప్రీమియం హై స్పీడ్ అని ధ్రువీకరణ ఉన్నది 18 గిగాబిట్లు మోస్తుంది, 4కే 60కి అది చాలు.

చెదిరిన అక్షరాలు: టీవీ రంగుల సమాచారం తగ్గించి తీసుకుంటోంది. సినిమాలో కనబడదు, అక్షరాల్లో కనబడుతుంది. ఆ పోర్టు పేరునో బొమ్మనో పీసీ అని మార్చండి. పేరు మారిస్తే ఏమవుతుందిలే అనుకోకండి, చాలా టీవీలు ఆ పేరు చూసే తమ మెరుగులన్నీ పక్కన పెట్టి వచ్చింది వచ్చినట్టు చూపిస్తాయి.

తెగిన అంచులు: ఓవర్‌స్కాన్. పాత కాలపు ట్యూబు టీవీల అలవాటు ఇంకా పోలేదు. బొమ్మ పరిమాణం దగ్గర ఉన్నది ఉన్నట్టు చూపించే ఎంపిక ఉంటుంది.

ఆడేటప్పుడు గేమ్ మోడ్ పెట్టండి. లేకపోతే బటన్ నొక్కాక టీవీ తన సోకులన్నీ చేసుకుని, తీరిగ్గా చూపిస్తుంది. సినిమాల కోసం కోడిలో రిఫ్రెష్ రేటు దానంతటదే మారే సెట్టింగ్ ఆన్ చేయండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60. ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపించాల్సి వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో ఆ కుదుపు ఒకసారి కనిపించిందా, ఇక జన్మలో కనబడకుండా పోదు. చెప్పినందుకు క్షమించండి.

#23 మూడో రిమోట్

మూడూ సరిపోయాయి. వైరు మార్చక్కర్లేకపోయింది. మీరన్న కుదుపు ఇప్పుడు నాకు ప్రతి చోటా కనిపిస్తోంది. పోయిన వారం దాకా హాయిగా ఉన్నాను.

కొత్త గొడవ. బ్లూటూత్ కంట్రోలర్లు రెండూ మధ్యలో తెగిపోతున్నాయి. పెట్టె దగ్గరికి వెళ్లి కూర్చుంటే బాగుంటోంది, సోఫా మీద నుంచి ఆడితే కారు దానంతటదే తిరుగుతోంది. చిన్నది ఓడిపోయినప్పుడల్లా ఇదే సాకు.

#24 ఇనుప కొట్టు

వీడియోల హార్డ్ డిస్కు యూఎస్‌బీ 3 పోర్టులో ఉందా? దాని రేడియో రొద బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. ఇంటెల్ దీని మీద 2012లోనే ఒక పత్రం రాసింది. డిస్కుని దూరంగా ఉన్న పోర్టుకి మార్చి చూడండి. డాంగిల్ వాడుతుంటే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో స్టాండు బయటికి తెచ్చి పెట్టండి.

#25 స్క్రూ పోయింది

దానికి ముందు ఒక ప్రశ్న. కోపం తెచ్చుకోకండి. బోర్డు పెట్టెలో రెండు యాంటెన్నాలు వచ్చి ఉండాలి. అవి ఎక్కడున్నాయి?

#26 మూడో రిమోట్

పెట్టెలోనే ఉన్నాయి.

ల్యాన్ వైరు పెట్టాం కదా, వైఫై వాడం కదా అని తీయలేదు. బ్లూటూత్ కూడా వాటి మీదే నడుస్తుందని ఎవరికి తెలుసు? బిగించాను. సోఫా ఏంటి, వంటింట్లోంచి కూడా పని చేస్తోంది. మా వాడు ఈ విషయం అందరికీ చెబుతున్నాడు.

#27 స్క్రూ పోయింది

ఇనుప డబ్బాలో యాంటెన్నా లేని బ్లూటూత్ అంటే బావిలోంచి కేకేసినట్టే. ఈ పరీక్షలో ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు తప్పుతారు, సిగ్గుపడకండి.

#28 మూడో రిమోట్

ఇక అమ్మ రిమోట్ సంగతి. టీవీ రిమోట్‌తోనే పీసీ కూడా నడుస్తుందేమో అనుకున్నాను. అసలు స్పందనే లేదు.

#29 చిన్న డబ్బా

నడవదు. మామూలు టీవీ బాక్సులు హెచ్‌డీఎంఐ వైరులోనే సీఈసీ అనే రిమోట్ సంకేతాలు అందుకుంటాయి. పీసీ గ్రాఫిక్స్‌లో సాధారణంగా ఆ దారి ఉండదు. రెండు మార్గాలు. పల్స్-ఎయిట్ వాళ్ల సీఈసీ అడాప్టర్ వైరు మధ్యలో పెట్టుకోవడం ఒకటి. ఫ్లిర్క్ అని యూఎస్‌బీ ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ పెట్టుకోవడం ఇంకోటి. రెండోది పీసీకి కీబోర్డులా కనిపిస్తుంది, ఏ ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ బటన్లనైనా నేర్చుకుంటుంది, నిద్రలోంచి లేపుతుంది కూడా. కొత్త టీవీ రిమోట్లు బ్లూటూత్ మీద నడుస్తాయి కాబట్టి ముందు మీదేదో చూసుకోండి.

#30 మూడో రిమోట్

టీవీది బ్లూటూత్. సౌండ్‌బార్‌ది ఇన్‌ఫ్రారెడ్! దాని మీద ఎవరూ ముట్టుకోని బటన్లు ఏడు ఉన్నాయి. ఫ్లిర్క్‌కి అవి నేర్పాను. పచ్చ స్టిక్కర్ అంటించిన బటన్ నొక్కితే పీసీ లేస్తుంది, కోడి తెరుచుకుంటుంది. మూడో రిమోట్ రాలేదు. పేరు మార్చుకోవాలేమో.

ఒకటి తేడాగా ఉంది. రాత్రి రెండింటికి దానంతటదే లేచి కూర్చుంటోంది.

#31 ఇనుప కొట్టు

కమాండ్ విండోలో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి లాస్ట్‌వేక్ చేర్చి నడపండి, చివరిసారి ఎవరు లేపారో పేరుతో సహా చెబుతుంది. నూటికి తొంభై నెట్‌వర్క్ కార్డు. డివైస్ మేనేజర్‌లో దానికి లేపే హక్కు తీసేయండి. పవర్ ప్లాన్‌లో వేక్ టైమర్లు కూడా ఆపేయండి.

#32 మూడో రిమోట్

నెట్‌వర్క్ కార్డే. తీసేశాను. నాలుగు రాత్రులుగా బుద్ధిగా పడుకుంటోంది.

#33 నిశ్శబ్దమే ముద్దు

అందరి గొడవా అయింది. వేడి ఎంత? పలక తీశారా?

#34 మూడో రిమోట్

మొదట తీయలేదు. బద్ధకం. గంటసేపు రాకెట్ లీగ్ ఆడితే 91 డిగ్రీలు, రొద సోఫా దాకా. అప్పుడు మేకులు ఊడదీశాను: 80. తర్వాత బయోస్‌లో 45 వాట్ల ఎకో మోడ్ పెట్టాను: 71. ఫ్రేములు ఎన్ని పడిపోయాయో లెక్క చూశాను గానీ, పిల్లలు ఎవరూ గమనించలేదు. అదే గదిలో, అదే గేమ్‌తో తీసిన అంకెలివి. ఇప్పుడు సినిమా నడుస్తుంటే పెట్టె ఆన్‌లో ఉందో లేదో దీపం చూసి చెప్పాలి.

#35 నిశ్శబ్దమే ముద్దు

ఈ థ్రెడ్‌లో నాకు నచ్చిన పోస్టు ఇదే. ఇంకొక్కటి: ఫ్యాన్ వేగం మారడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి, బయోస్‌లో స్టెప్ అప్ అనో ఇంకేదో పేరుతో ఉంటుంది. లేకపోతే ఏదైనా తెరిచినప్పుడల్లా నిట్టూర్పు విడుస్తుంది.

#36 కొత్త చేరిక

మొత్తం చదివాను, థాంక్స్ అందరికీ. నా దగ్గర డీడీఆర్4 ర్యామ్ ఉంది. 5600జీ ప్రాసెసర్‌తో ఇదే పని జరుగుతుందా?

#37 పిక్సెల్ పంతులు

స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి హాయిగా ఆడుకోవచ్చు. గ్రాఫిక్స్ పాత వేగా, డీడీఆర్4-3200 రెండు స్టిక్కుల దారి సెకనుకు 51 జీబీ చిల్లర, కాబట్టి సెట్టింగులు ఇంకొంచెం దించుకోవాలి. హెచ్.265 ఫైళ్లకి ఢోకా లేదు. ఏవీ1 మాత్రం హార్డ్‌వేర్‌లో విప్పలేదు, ఆ పని కోర్ల మీద పడుతుంది, ఫ్యాన్ మీకు ఆ సంగతి చెబుతుంది. ర్యామ్ ముందే చేతిలో ఉంది కాబట్టి మీకు ఇదే మేలు.

#38 మూడో రిమోట్

ఒక చిన్న సంగతి చెప్పి వెళ్తాను. నిన్న నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ తనే పచ్చ బటన్ నొక్కి పాత పెళ్లి వీడియో పెట్టుకుని చూస్తోంది. బాగుంది. చూడటం అయ్యాక లేచి గోడ దగ్గర స్విచ్చి ఆపేసింది. టీవీకి అలాగే చేస్తుంది, దీనికీ అంతే. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇప్పుడు పొద్దున్నే పచ్చ బటన్ నొక్కితే లేవడం లేదు, కరెంటే లేదు కదా.

#39 స్క్రూ పోయింది

అమ్మగారిని మార్చలేం, బయోస్‌ని మార్చొచ్చు. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలి అన్న సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ అవ్వాలి అని పెట్టండి. గోడ స్విచ్చి వేయగానే పీసీ లేస్తుంది. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే హైబర్నేట్ అయ్యేలా (అన్నీ డిస్కులో దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా) విండోస్‌లో పెట్టండి, అప్పుడు ఆవిడ ఆపేసినా ఏమీ పోదు.

#40 మూడో రిమోట్

పెట్టాను. అమ్మ ఇప్పుడు రిమోట్ ముట్టుకోవడమే లేదు, గోడ స్విచ్చితోనే ఆన్, దాంతోనే ఆఫ్. కాకపోతే హైబర్నేట్ అయ్యేదాకా పది నిమిషాలు ఆగదు. మూడు నిమిషాలకి తగ్గించాను.